గాలిలో ఆంత్రాక్స్‌ని పట్టే యంత్రాలు: అవసరమా, దండగా?

ల్యాబ్_శ్రీను: 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ (ప్రాణాంతకమైన బ్యాక్టీరియా జబ్బు) పొడి నింపిన ఉత్తరాల వల్ల ఐదుగురు చనిపోయారు, 17 మంది జబ్బుపడ్డారు. 2003లో అక్కడి ప్రభుత్వం బయోవాచ్ అనే, గాలిలో ఇలాంటి క్రిములను కనిపెట్టే ఏర్పాటు పెట్టింది. 30కి పైగా నగరాల్లో గాలిని ఫిల్టర్ల గుండా లాగి, వాటికి ల్యాబ్‌లో పీసీఆర్ (క్రిమి డీఎన్ఏని గుర్తించే పరీక్ష) చేస్తారు. లక్షణాలు రాకముందే యాంటీబయాటిక్ పడితే బతికే అవకాశం చాలా ఎక్కువ. ఆ టైమ్ యంత్రమే ఇస్తుంది. దండగ అనేవాళ్లు కారణం చెప్పండి.

గోదారి_రమ: ఫలితానికి 12 నుంచి 36 గంటలు. 2014 దాకా 149 అలారాలు, ఒక్కటీ దాడి కాదు. ఈ కారణం సరిపోతుందా?

ల్యాబ్_శ్రీను: 36 గంటలంటే, ఫిల్టర్ 24 గంటలు గాలి పట్టాక పరీక్ష. కొన్ని క్రిములకు దగ్గరి జాతులు ప్రకృతిలోనే ఉంటాయి, పీసీఆర్ వాటినీ పడుతుంది, అందుకే ఆ అలారాలు.

ప్రసాద్_డల్లాస్: నా టాక్స్ డబ్బు. దండగే.

గోదారి_రమ: శ్రీనుగారూ, మా నాన్నగారిని ఒక ఆసుపత్రిలో వైరల్ జ్వరమని తిప్పి తిప్పి పంపారు. చివరికి టీబీ. పరీక్ష యంత్రం ఆ బిల్డింగ్‌లోనే ఉంది, రాసిచ్చే డాక్టరే లేడు. 2001లో ఫ్లోరిడాలో మొదటి కేసును పట్టింది కూడా వెన్ను నీటిని మైక్రోస్కోప్‌లో చూసి అనుమానించిన డాక్టరే.

ల్యాబ్_శ్రీను: పట్టినా ఆ రోగి బతకలేదు. లక్షణాలు వచ్చాక పడితే ఆలస్యమని నేను చెప్పేది అదే కదండీ.

ఓరుగల్లు_వాసు: ఒక మాట. దాడి తర్వాత అక్కడి పోస్టల్ సార్టింగ్ కేంద్రాల్లో పెట్టింది జీన్‌ఎక్స్‌పర్ట్ టెక్నాలజీ. మన సర్కారు దవాఖానల్లో టీబీకి వాడే సీబీనాట్ అదే.

గోదారి_రమ: యంత్రం పేరు కాదు వాసుగారూ! అక్టోబర్ 15న సెనేటర్ ఆఫీసులో ఉత్తరం తెరిస్తే సిబ్బందికి ఆ రోజే మందులిచ్చారు. అదే ఉత్తరం దాటొచ్చిన వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ పోస్టల్ కేంద్రాన్ని 21 దాకా నడిపారు. ఇద్దరు కార్మికులు పోయారు. ఉత్తరం ఏ దారిన వచ్చిందో తెలియకా?

ల్యాబ్_శ్రీను: అతికించిన కవర్ నుంచి స్పోర్లు (ఆ పొడిలోని విత్తనాల్లాంటి క్రిమి రూపాలు) బయటికి రావని అధికారులు నమ్మారు. అక్కడ యంత్రం ఉండి ఉంటే ఆ నమ్మకం ఆ రోజే పోయేది! నేను రాత్రి షిఫ్టు చేసే మనిషిని. నా ప్రాణం ఎవరి నమ్మకం మీదా ఆధారపడకూడదు. అందుకే యంత్రం కావాలంటున్నాను.

గోదారి_రమ: ఆ యంత్రం రిపోర్టు వెళ్లేది కూడా ఆ అధికారి బల్ల మీదికే.

ల్యాబ్_శ్రీను: అయితే కార్మికుల యూనియన్‌కీ అదే నిమిషంలో వెళ్లాలి. ఒప్పుకుంటారా?

గోదారి_రమ: దానికి ఒప్పుకుంటాను. బయోవాచ్‌కి కాదు.