పెట్ట ముడ్డి దగ్గర తెల్లటి జిగురు, దుర్వాసన: పసుపు రాసినా తగ్గడం లేదు

మిద్దెకోళ్లు_కేఆర్‌పురం

మిద్దె మీద నాలుగు గిరిరాజ పెట్టలున్నాయి. ఒకదానికి ముడ్డి కింద ఈకలన్నీ తెల్లగా, కాస్త పసుపుగా జిగురు పట్టి అట్ట కట్టాయి. కుళ్లిన పులుపు వాసన. కడిగితే మర్నాటికి మళ్లీ అంతే. మేత తింటోంది, తిరుగుతోంది. గుడ్లు మాత్రం తగ్గాయి, పెట్టినవాటి పెంకు పలచగా ఉంటోంది. పొద్దున లేయర్ మేత (గుడ్ల పెట్టలకు అమ్మే మేత), సాయంత్రం ఇంట్లో మిగిలిన అన్నం, బ్రెడ్డు వేస్తున్నాం. పోయిన నెల జలుబు చేస్తే షాపులో ఇచ్చిన టెట్రాసైక్లిన్ పొడి నీళ్లలో కలిపి పెట్టాం. ఇప్పుడు పసుపు, కొబ్బరినూనె రాస్తున్నాం. ఒకరేమో టర్పెంటైన్ వెయ్యమంటారు, ఇంకొకరు మొలల ట్యూబు రాయమంటారు. మిగతా పెట్టలు అక్కడే పొడుస్తున్నాయి. ఏం చెయ్యాలో చెప్పండి.

పశువైద్యం_యలహంక

ముందు ఆ పెట్టను వేరు చెయ్యండి. ఎర్రగా కనిపించిన చోటును మిగతావి వదలవు. పొడిచి పొడిచి పేగుదాకా లాగేస్తాయి.

టర్పెంటైన్ వద్దండీ. పశువుల పుండ్లలో పురుగులు పడితే వేసే మందు అది. ఇక్కడున్నది తడిగా ఉండే పలచని పొర, మంటెత్తిపోతుంది. మొలల ట్యూబుల్లో చాలావాటిలో తిమ్మిరెక్కించే లిగ్నోకైన్, స్టెరాయిడ్ రెండూ ఉంటాయి. లిగ్నోకైన్ లాంటివి కోళ్లకు మోతాదు కొంచెం మించినా ప్రమాదమే. స్టెరాయిడేమో ఫంగస్‌ను ఇంకా పెంచుతుంది.

మీరు చెప్పిన వాసన, జిగురు చూస్తే ఇది వెంట్ గ్లీట్ లాగే ఉంది. రెట్టా గుడ్డూ ఒకే ద్వారం గుండా వస్తాయి కదా, ఆ ద్వారం లోపలి గదికి పట్టే వాపు ఇది. ఎక్కువసార్లు క్యాండిడా అనే ఈస్టు (ఒక రకం ఫంగస్) వల్ల వస్తుంది, బ్యాక్టీరియా కూడా తోడవ్వచ్చు. మీరిచ్చిన టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయోటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది, ఆ ఖాళీలో ఈస్టు పెరుగుతుంది. దానికి తోడు రోజూ మెత్తటి అన్నం, బ్రెడ్డు. జలుబుకు మందు మొదలెట్టే ముందే ఎవరికైనా చూపించి ఉంటే బాగుండేది.

అయినా మందు రాసే ముందు ఇవి చూడండి. పెట్టను చంకలో పెట్టుకుని, తల మీ వెనక్కి, తోక ముందుకు వచ్చేలా పట్టుకోండి. ఒకరు టార్చి వెయ్యాలి.

ఈకల మొదళ్లలో తెల్లగా గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. చర్మం మీద సన్నగా నల్లటి చుక్కలు కదులుతుంటే నల్లి. తర్వాత ముడ్డికీ రొమ్ము ఎముక చివరికీ మధ్య పొట్టను మెల్లగా తడమండి. గట్టిగా గుండ్రంగా తగిలితే గుడ్డు ఇరుక్కుంది. నీళ్ల సంచిలా ఊగుతుంటే సమస్య పొట్ట లోపల ఉంది, పైపూతతో పోదు. ఇక మేత సంచి. రాత్రి మేత తీసేసి, తెల్లవారగానే మేత వెయ్యకముందు మెడ కింద చూడండి. ఖాళీగా ఉండాలి. మెత్తగా బుడగలా ఉండి నోరు పుల్లటి వాసన వస్తే ఈస్టు పైన కూడా ఉన్నట్టే.

ఒక మాట: రెట్ట మీద తెల్లటి టోపీలా ఉండేది మూత్రపు భాగం. రోజులో కొన్నిసార్లు వచ్చే గోధుమరంగు ముద్ద రెట్ట కూడా కంపు కొడుతుంది. ఈ రెండూ మామూలే. ముడ్డి నుంచే జిగురు కారుతూ, చర్మం ఎర్రబడితేనే రోగం.

సర్జాపూర్_నాటుకోళ్లు

యలహంక అన్న చెప్పినదానికి పేల సంగతి కలుపుతాను. పేలు, నల్లి ఉంటే రక్తం తగ్గి పెట్ట నీరసిస్తుంది, గోక్కుని చర్మం పుండవుతుంది, అక్కడ ఏ మందూ పట్టదు. కోళ్లకని లేబుల్ ఉన్న పెర్మెత్రిన్ పొడి ముడ్డి చుట్టూ, రెక్కల కింద చల్లండి. పుండు మీద, కంట్లో పడకూడదు. 7 నుంచి 10 రోజులకు మళ్లీ చల్లాలి, ఎందుకంటే మొదటిసారి పొడి గుడ్లను చంపదు, అవి పొదిగి కొత్త పేలు వస్తాయి. నాలుగింటికీ ఒకే రోజు వేయండి. గూటి పరుపు మొత్తం తీసి తగలెయ్యండి, కర్రల సందులు కడగండి. పశువుల గోమార్లకు వాడే ద్రావణాన్ని కళ్లుమూసుకుని కలిపితే కోళ్లు చనిపోతాయి.

మిద్దెకోళ్లు_కేఆర్‌పురం

చూశాం. పేల గుడ్లు లేవు, గుడ్డు తగల్లేదు, పొట్ట మామూలుగానే ఉంది. మేత సంచి పొద్దునకి సగం నిండే ఉంది, మెత్తగా. చర్మం ఎర్రగా, అక్కడక్కడా తెల్లటి పొర. ఆ పొరను గోకితే రక్తం వస్తోంది.

పశువైద్యం_యలహంక

గోకకండి. ఆ పొర కింద పుండుంది. ఇక వెంట్ గ్లీట్ అనుకునే వైద్యం చేద్దాం.

కడగడం: లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, అంటే సుమారు 9 గ్రాములు. నీళ్లు మన చేతికి వెచ్చగా తగలాలి, కాలకూడదు. టబ్బులో పెట్టను 10, 15 నిమిషాలు కూర్చోబెడితే అట్ట దానంతటదే నానుతుంది. లాగితే చర్మం ఊడొస్తుంది. తర్వాత ముడ్డి చుట్టూ ఈకలను కత్తెరతో కురచగా కత్తిరించండి, పీకవద్దు. కొత్తగా వస్తున్న ఈక కాడ నల్లగా ఉంటే అందులో రక్తం ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. గ్లవ్స్ తప్పనిసరి. బెంగళూరు చలికాలంలో సాయంత్రం కడిగితే రాత్రికి ఆరదు, పొద్దున 11 ప్రాంతంలో కడగండి. టవల్‌తో, తర్వాత హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడితో దూరం నుంచి పూర్తిగా ఆరబెట్టండి. తడి మిగిలితే ఈస్టుకు మేత వేసినట్టే.

పూత: పోవిడోన్ అయోడిన్‌ను నీళ్లలో పలచటి టీ రంగు వచ్చేదాకా కలిపి దూదితో అద్ది, ఆరాక ఫంగస్‌ను చంపే క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము పలచగా, రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు. ద్వారం అంచు లోపలికి కొద్దిగా వెళ్లాలి, లోతుకు వద్దు. మందుల షాపులో మాటిమాటికీ ఇచ్చేసేది క్లోట్రిమజోల్‌లో బెక్లోమెథజోన్ లేదా బీటామెథజోన్ అనే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు. పెట్టె మీద ఉన్న పేర్లన్నీ చదివి, క్లోట్రిమజోల్ ఒక్కటే ఉన్నది తీసుకోండి. ఎర్రదనం తగ్గిందని మూడో రోజునే ఆపేస్తే మళ్లీ వస్తుంది.

మేత సంచి పొద్దునకి ఖాళీ కావట్లేదు కాబట్టి ఈస్టు పైన కూడా ఉందని అనుమానం, ఒక్క క్రీముతో సరిపోదు. నిస్టాటిన్ లాంటి ఫంగస్ మందు నోటి ద్వారా ఇవ్వాల్సి రావచ్చు, దాని మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లి, పోయిన నెల ఇచ్చిన పొడి పేరు, ఎన్ని రోజులిచ్చారో చెప్పండి. ఈ మందులు నడిచినన్నాళ్లూ గుడ్లు తినవద్దు. ఎన్నాళ్ల తర్వాత తినాలో కూడా ఆయన్నే అడగండి.

అన్నం, బ్రెడ్డు పూర్తిగా ఆపండి. ముద్ద కట్టిన మేత, బూజు వాసన వచ్చే మేత పారెయ్యండి. వానాకాలంలో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కొనండి.

హోస్కోటె_ఫారం

యాపిల్ సైడర్ వెనిగర్ సంగతి ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి నేనే చెప్తాను. నాలుగు లీటర్ల తాగే నీళ్లకు ఒక టేబుల్ స్పూన్, ప్లాస్టిక్ పాత్రలో మాత్రమే. జింకు పూత ఉన్న రేకు పాత్రలో పులుపు పోస్తే జింకు నీళ్లలోకి దిగుతుంది, అది విషం. పైగా వెనిగర్ ఈ రోగాన్ని నయం చెయ్యదు. పెరుగు ఒక చెంచా చాలు. ఎక్కువైతే విరేచనాలు పట్టుకుని ముడ్డి మళ్లీ తడుస్తుంది.

పెంకు పలచన కావడం వేరే సంగతి. గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు సుమారు 4 గ్రాముల కాల్షియం కావాలి. లేయర్ మేతలో అది ఉంటుంది, కానీ సాయంత్రం అన్నంతో పొట్ట నింపితే మేత తగ్గి కాల్షియమూ తగ్గుతుంది. షెల్ గ్రిట్ (గుల్లల నూక) వేరే గిన్నెలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది. పొడి కంటే గింజలా ఉన్నది మంచిది. అది రాత్రంతా మెల్లగా కరుగుతుంది, పెంకు తయారయ్యేది ఆ టైములోనే.

సర్జాపూర్_నాటుకోళ్లు

ఈ చర్చ చదివేవాళ్లలో ముడ్డి నుంచి ఎర్రటి కండ బయటికి వచ్చిన పెట్ట ఉన్నవాళ్లుంటే, దానికి ఈ క్రీములు కాదు. గుడ్డు పెట్టే క్షణంలో ఎర్రగా కనిపించి లోపలికి వెళ్లిపోవడం మామూలే. వెళ్లకుండా వేలాడితే ప్రొలాప్స్. చీకటి పెట్టెలో ఒంటరిగా ఉంచి, పైన చెప్పిన ఉప్పునీళ్లతో కడిగి, వాపు ఎక్కువుంటే చక్కెర చల్లి కొన్ని నిమిషాలు ఆగండి, నీరు లాగేసి కండ చిన్నదవుతుంది. చక్కెర కడిగేసి, నీళ్లలో కరిగే జారుడు జెల్లీ గ్లవ్ వేలికి రాసి మెల్లగా లోపలికి నెట్టి, కొన్ని నిమిషాలు పట్టి ఉంచండి. కొన్నాళ్లు వెలుగు రోజుకు 8 గంటలకు మించకుండా చూస్తే గుడ్లు ఆగి కండ మానడానికి వ్యవధి దొరుకుతుంది. మిద్దె మీద వీధి లైటు గూటి మీద పడుతుంటే గోనెసంచి కట్టండి. కండ నల్లబడినా, చిరిగినా, పేగు కనిపించినా నెట్టవద్దు, నేరుగా ఆసుపత్రికే.

పశువైద్యం_యలహంక

కేఆర్‌పురం వారికి ఇంకొకటి. మిగతా మూడు పెట్టల్లో దేనికైనా ఆకుపచ్చ రెట్ట, గురక, మెడ వంకర కనిపిస్తే అది వెంట్ గ్లీట్ కాదు, కొక్కెర తెగులు కావచ్చు. అప్పుడు పెట్టను ఎత్తుకుని ఎక్కడికీ తిప్పకుండా ముందు ఫోన్ చేసి పశువైద్యుణ్ణి అడగండి. ఆసుపత్రికి వెళ్లే రోజు తాజా రెట్టను చిన్న డబ్బాలో వేసుకెళ్లండి, పురుగుల గుడ్లున్నాయేమో అక్కడే చూస్తారు.