డ్వాక్రా సంఘం నమ్మకం పెంచుతుందా, నమ్మకం ఉన్నవాళ్లనే చేర్చుకుంటుందా?

నల్లరేగడి: పొదుపు సంఘాల వల్ల ఊళ్లలో నమ్మకం పెరిగిందని అందరూ అంటారు. నాకు అనుమానమే. ముందునుంచీ ఎరిగున్న పదిమందే సంఘం కడతారు. కొత్తగా వచ్చిందేముంది?

రెండో_లీడర్: 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ తర్వాతే నెల్లూరు జిల్లాలో పొదుపు ఊపందుకుంది. తెలుసా?

నల్లరేగడి: అదే నేనూ అంటున్నది. పోరాటం ముందు, సంఘం తర్వాత.

రెండో_లీడర్: మా సంఘంలో సమావేశానికి రాకపోతే జరిమానా. అలా కూర్చోబట్టే ఎవరింట్లో ఏ కష్టముందో తెలిసింది.

నల్లరేగడి: నమ్మకముంటే జరిమానా ఎందుకు?

గోదారి_గట్టు: మా దగ్గర జరిమానా పది రూపాయలు. దానికే రెండు నెలలు మాటల్లేవు 😀

రెండో_లీడర్: జరిమానా క్రమశిక్షణ కోసం. మీరు దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు.

నల్లరేగడి: సరే, వదిలేద్దాం. మా అమ్మ సంఘంలో ఒకావిడ లోన్ తీసుకుని ఊరు వదిలిపోయింది. ఆమె వాయిదాలు మిగతావాళ్లు కట్టారు.

రెండో_లీడర్: కట్టారుగా! నమ్మకమంటే అదే.

నల్లరేగడి: కాదు, భయం. కట్టకపోతే బ్యాంకు మళ్లీ లోన్ ఇవ్వదు. మైక్రోఫైనాన్స్ కంపెనీలూ గ్రూపు పూచీ మీదే అప్పులిచ్చాయి. వాయిదా ఆగితే పక్కింటావిడే గుమ్మంలో కూర్చునేది. 2010 అక్టోబరులో ఆ కంపెనీల వసూళ్లకు కళ్లెం వేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా వెళ్లింది వ్యవహారం.

రెండో_లీడర్: కంపెనీ అప్పుకీ మా పొదుపుకీ పోలికా? నెలనెలా మా సొంత డబ్బు దాచి, అందులోంచే అప్పులిచ్చుకున్నాం. ఒక్కసారైనా తీర్మానం పుస్తకం రాశారా మీరు?

నల్లరేగడి: రాయనిస్తే కదా! మా అమ్మ మొదట అడిగింది ఊరిమధ్య సంఘాన్ని. ‘మీ వాడలో వేరే పెట్టుకోండి’ అన్నారు.

చింతచెట్టు: ఇది ముందే చెప్పాల్సింది అన్నా.

రెండో_లీడర్: అలా అనడం తప్పే. కానీ తెలియనివాళ్లకు పూచీ ఎవరు పడతారు? ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘంలో అన్ని వాడల లీడర్లూ కలిసే కూర్చుంటున్నారు.

నల్లరేగడి: ఒకే ఊళ్లో ముప్పయ్యేళ్లున్న మనిషి ‘తెలియనివాళ్లు’ ఎలా అవుతుంది మేడమ్? మీ పదిమందిలో మీకు నమ్మకం పెరిగింది, కాదనను. ఊరి సంగతి అడుగుతున్నా నేను.

రెండో_లీడర్: ఊరంతటినీ మార్చడానికి పెట్టలేదు సంఘం. పిల్లల ఫీజుకు వడ్డీవ్యాపారి దగ్గరకు పోకుండా పెట్టుకున్నాం. అది జరిగింది.

గోదారి_గట్టు: ఆ వెళ్లిపోయినావిడ డబ్బు తిరిగిచ్చిందా?

నల్లరేగడి: సంక్రాంతికి వచ్చి సగం ఇచ్చింది. మిగతా సగం గురించి ఎవరూ అడగట్లేదు.