కెన్యా ప్రయాణానికి డాలర్లా, ఎంపెసానా?

సుజాత_బెజవాడ: ఆగస్టులో మేము నలుగురం నైరోబీకి, అక్కడి నుంచి మసాయి మారా అభయారణ్యానికి వెళ్తున్నాం. ఖర్చులకు డాలర్ నోట్లు తీసుకెళ్లాలా, దిగాక ఎంపెసా (ఫోను ద్వారా డబ్బు పంపే, కట్టే పద్ధతి) పెట్టుకోవాలా?

నైరోబీవాసి: పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. పాస్‌పోర్టు చూపి ఇక్కడి ఫోను కంపెనీ సఫారీకాం సిమ్ తీసుకుని, ఎంపెసా తెరిపించుకుని, దాని ఏజెంటు దగ్గర కెన్యా షిల్లింగులు జమ చేయించుకోండి. 2007లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు కూరగాయల బండి దాకా చేరింది.

యాత్రికుడు_రాజమండ్రి: మీరు చెప్పేది నగరం సంగతి. మారాలో రెండు రోజులు నా ఫోనుకు సిగ్నలే అందలేదు. డాలర్లు ఉండబట్టి గట్టెక్కాను. డ్రైవరుకు బహుమానం కూడా ఒక్కో డాలరు నోట్లు ఇరవై ఇచ్చాను.

నైరోబీవాసి: మీ నోట్లు ఏ సంవత్సరపు సిరీస్‌వి? 2009కు ముందువాటిని ఇక్కడ చాలామంది తీసుకోరు.

యాత్రికుడు_రాజమండ్రి: నా 2006 సిరీస్ వంద డాలర్ల నోటును ఒక మారకపు దుకాణంవారు తిప్పి ఇచ్చిన మాట నిజమే. అది నాకు ఆ నోటు అంటగట్టినవారి తప్పు గానీ డాలరు తప్పు కాదు.

రమణ: సిరీస్ సంవత్సరం నోటు మీదే ఉంటుంది, తీసుకునేటప్పుడే చూసుకోండి.

నైరోబీవాసి: నాకు బాధ కలిగించినది ఆ పాత నోటు కాదు, ఆ ఇరవై చిన్న నోట్లు. చిన్న నోట్లకు మారకంలో తక్కువ ధర కడతారు, కొన్నిచోట్ల అసలు తీసుకోరు. మన సౌకర్యానికి ఆ డ్రైవరు ఎందుకు నష్టపోవాలి?

యాత్రికుడు_రాజమండ్రి: మనసారా ఇచ్చినదాన్ని తప్పుపడుతున్నారు. ఎంపెసాలో పంపినా నగదుగా తీసుకునేటప్పుడు రుసుము ఆయనకే పడుతుంది కదా!

నైరోబీవాసి: పడుతుంది, అందుకే నేను ఆ రుసుము కూడా కలిపి పంపుతాను. సిగ్నల్ ఉండదనుకుంటే నైరోబీలోనే షిల్లింగులు తీసి దగ్గర ఉంచుకోవచ్చు.

యాత్రికుడు_రాజమండ్రి: ఆయన నవ్వుతూ తీసుకున్నాడండీ. నష్టమని ఒక్క మాట చెప్పి ఉంటే నేనే మార్చి ఇచ్చేవాణ్ణి.

నైరోబీవాసి: చేతిలో పెట్టిన బహుమానాన్ని ఆయన ఎలా కాదంటాడు?

సుజాత_బెజవాడ: జూలై నుంచి డిసెంబరు దాకా మారా ప్రవేశ రుసుము పెద్దలకు రోజుకు 200 డాలర్లు, దాన్ని మా ట్రావెల్ ఏజెన్సీవారే ముందుగా కడతారు. కాబట్టి డ్రైవరు బహుమానం షిల్లింగుల్లోనే విడిగా కవరులో పెట్టుకుంటాను, మిగతావాటికి ఎంపెసా తీసుకుంటాను.