మా మేనల్లుడి కేసు లైవ్‌లో పెట్టమని అడగొచ్చా?

జీడితోట బావు (పలాస వైపు)
నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా అక్క కొడుకు ఆటో తోలతాడు. కిందటేడు గొలుసు తెంపిన కేసులో పట్టుకెళ్లారు. మర్నాడు ప్రెస్‌మీట్. టేబుల్ మీద గొలుసులు, వెనక ముగ్గురు కుర్రాళ్లు, ముఖాలకి నల్ల ముసుగులు. ముసుగైనా వేశారులే అనుకున్నాను. సాయంత్రానికి ఓ లోకల్ యూట్యూబ్ ఛానెల్ మావాడి ఫేస్‌బుక్ ఫొటో తీసి, ముఖం చుట్టూ ఎర్ర సున్నా గీసి, 'నేరం ఒప్పుకున్న గొలుసు దొంగ' అని వేసేసింది. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్లో తీసిన ఫొటో అది. పక్కనున్న మా అమ్మని కోసేశారు, వాడి భుజం మీద ఆవిడ చెయ్యి మాత్రం ఉండిపోయింది.

పట్టుకెళ్లిన పదహారో రోజున జైల్లో గుర్తింపు పరేడు, అంటే కొందరిని వరసలో నిలబెట్టి వీళ్లలో దొంగెవరో చూపించమని సాక్షిని అడగడం. గొలుసు పోయిన ముసలావిడ నేరుగా వచ్చి మావాడిని చూపించింది. 'ఓలమ్మో, ఆవిడ నా గుంటణ్ణి ఎప్పుడు సూసిందిరా' అని అక్క ఏడుపు. ఎప్పుడు చూసిందో నాకు తెలుసు. ఆ వీడియోకి నలభై వేల వ్యూస్.

సుప్రీంకోర్టు వాదనలు యూట్యూబ్‌లో వస్తున్నాయి కదా, మా కేసూ లైవ్ పెట్టమని అడగొచ్చా? అబద్ధం ఊరంతా చూసింది, నిజం కూడా చూడాలి.

బెంచిక్లర్కు, రిటైర్డ్ (విజయనగరం)
బాబూ, ముప్పై ఏళ్లు కోర్టు హాల్లో కూర్చున్నవాణ్ణి, ఆ కోరిక వద్దు. 2018లో స్వప్నిల్ త్రిపాఠీ కేసులో సుప్రీంకోర్టు లైవ్‌కి ఒప్పుకుంది, రాజ్యాంగ ధర్మాసనాల వాదనలు 2022 సెప్టెంబరు 27 నుంచి చూపిస్తున్నారు. అవి లాయర్ల వాదనలు. మీది సాక్షుల కేసు.

మా హాల్లో ఒకటో సాక్షి బోనులో చెబుతుంటే రెండో సాక్షి బయట చింతచెట్టు కింద కూర్చోవాలి. బంట్రోతు పేరు పెట్టి మూడుసార్లు కేకేస్తేనే లోపలికి రావాలి. ఎందుకంటావు? ముందువాడు గొలుసు ఎడమ చేత్తో లాగాడన్నాడని తెలిస్తే వెనకవాడూ ఎడమ చెయ్యే అంటాడు. కెమెరా పెట్టావా, వాడు చెట్టు కిందే ఫోన్‌లో అంతా చూసుకుంటాడు. ఇంక మీ లాయరు క్రాస్ చేసి, అంటే ఎదురు ప్రశ్నలు వేసి, ఏం లాభం? 2021లో సుప్రీంకోర్టు ఈ-కమిటీ రాసిన ముసాయిదా నిబంధనల్లో సాక్ష్యం నమోదుని, క్రాస్‌ని లైవ్ నుంచి తప్పించింది అందుకే.

కోర్టు తలుపులు తెరిచే ఉంటాయి, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బి.ఎన్.ఎస్.ఎస్.లో సెక్షన్ 366 చెప్పేది అదే. (అత్యాచారం కేసులు వేరు.) మీ ఊరు మొత్తం వచ్చి కూర్చోవచ్చు. రారు, అది వేరే సంగతి.

'ఒప్పుకున్నాడు' అంటావా, పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, కొత్త సాక్ష్య చట్టం (సాక్ష్య అధినియం) సెక్షన్ 23. టీవీలో చెల్లుతుంది. ఇక ముసుగు వేసేది పరువు కోసం కాదు బాబూ, పరేడు కోసం. ముందే ముఖం చూసిన సాక్షి గుర్తుపట్టడంలో విశేషమేముంది? మీ లాయరు పట్టుకోవలసింది అదే.

నిజంనిప్పు
దొంగని దొంగ అంటే తప్పేటి? ఢిల్లీ మోడల్ జెస్సికా లాల్ హత్య కేసు 2006 ఫిబ్రవరిలో కింది కోర్టులో కొట్టేశారు. మీడియా గోల చేసింది కాబట్టే డిసెంబరులో హైకోర్టు శిక్ష వేసింది.

బెంచిక్లర్కు, రిటైర్డ్
ఆ గోల తీర్పొచ్చాక జరిగింది. ఇక్కడ ఛార్జిషీటే పడకముందు. పైగా ఆ శిక్షని ఖాయం చేసిన 2010 తీర్పులోనే మీడియా విచారణ గురించి సుప్రీంకోర్టు గట్టిగా హెచ్చరించింది, చదువుకో.

చేతిలో మైకు (టెక్కలి)
నేనూ విలేకరినే, జీతం లేని విలేకరిని. పోలీసుల ప్రెస్ నోట్ వాట్సాప్‌లో వస్తుంది, 'ఒప్పుకున్నారు' అన్న మాట అందులోనే ఉంటుంది. మేం అతికించేస్తాం. కేసు కొట్టేసిన రోజు ఏ నోటూ రాదు, అందుకే మా దాంట్లో ఎవరూ నిర్దోషులు కారు. ఫేస్‌బుక్ ఫొటో వెయ్యడం మాత్రం తప్పే. దానికి మాకు ఏ నోటూ అక్కర్లేదు, మేమే వెతుక్కుంటాం.

బెంచిక్లర్కు, రిటైర్డ్
బావూ, ఆ వీడియో తీసేయించడానికి తొందరపడకు. ముందు తేదీతో సహా కాపీ తీసుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. ఫోన్‌లోదీ కంప్యూటర్‌లోదీ కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలంటే అదే సాక్ష్య చట్టం కింద సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేసి దాఖలు చెయ్యాలి. తర్వాత క్రాస్‌లో లాయరు ఆ ముసలావిడని మెల్లిగా అడగాలి, 'అమ్మా, ఈ అబ్బాయిని ఫోన్‌లో ఎవరైనా చూపించారా' అని. గద్దించి అడిగితే ఆవిడ బిగుసుకుపోతుంది.

జీడితోట బావు
అయ్యో సార్. నిన్ననే ఆ ఛానెల్ అతన్ని బతిమాలి తీయించేశాను. కిలో గుండు పప్పు కూడా ఇచ్చాను.

చేతిలో మైకు
మా విలేకర్ల గ్రూపులో ఉండాలి, ఆగండి. ... దొరికింది. ఇన్‌బాక్స్‌లో పంపాను.

జీడితోట బావు
వచ్చింది. పైన తేదీ కనబడుతోంది, పరేడుకి పదిహేను రోజుల ముందు. అమ్మ చెయ్యి కూడా ఉంది.

బెంచిక్లర్కు, రిటైర్డ్
మంచిది. అయితే ఆ వీడియో ఎవరి ఫోన్‌లో ఉందో సర్టిఫికెట్ మీద సంతకం ఆయనే పెట్టాలి. టెక్కలి తమ్ముడూ?

చేతిలో మైకు
సంతకమా... పేరు రాయాలి కదా. ఆ ఛానెల్ అతనూ నేనూ రోజూ ఒకే టీకొట్టు దగ్గర కూర్చుంటాం. రేపు సాయంత్రం చెబుతాను సార్.