బ్రిజెట్ ఫోండా నటన ఎందుకు మానేశారు? ఇంట్లోవాళ్లతో చూడగలిగేవి ఏవి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈమధ్యే 'జాకీ బ్రౌన్' చూశాను. అందులో ఎప్పుడు చూసినా సోఫాలో పడి టీవీ చూస్తూ, ఎదుటివాళ్లని మాటలతో పొడిచే మెలనీ పాత్ర వేసింది హాలీవుడ్ నటి బ్రిజెట్ ఫోండా అని తర్వాత తెలిసింది. ఆవిడవి ఇంకా చూద్దామని వెతికితే 2002 తర్వాత ఒక్కటీ దొరకలేదు. పేరున్న నటి జేన్ ఫోండాకి ఈవిడ ఏమవుతారు? యాక్సిడెంట్ వల్లే సినిమాలు మానేశారని ఒక వీడియోలో చెప్పారు, నిజమేనా? టీవీ సినిమాలు కూడా చేశారట, అవి చూడదగ్గవేనా?

అసలు అవసరం ఇది: సెలవుల్లో మా అమ్మ, ఎనిమిదేళ్ల మా పాప ఇంట్లోనే ఉంటారు. వాళ్లతో కూర్చుని చూడగలిగేవి చెప్పండి. మధ్యలో రిమోట్ కోసం తడుముకునే పరిస్థితి రాకూడదు.

జవాబు 1

జేన్ ఫోండా ఆవిడకి మేనత్త అండీ. తండ్రి పీటర్ ఫోండా, తాతగారు హెన్రీ ఫోండా. 1964లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. తండ్రి సినిమా 'ఈజీ రైడర్' (1969)లో పిల్లల మధ్య ఒక పిల్లగా కాసేపు కనిపిస్తారు, టైటిల్స్‌లో పేరు ఉండదు. పెద్దయ్యాక చేసినవి చూస్తే 1987 నుంచి 2002 వరకు, అంటే పదిహేనేళ్లు.

యాక్సిడెంట్ సంగతి. చివరి పెద్ద పాత్ర 'స్నో క్వీన్' టీవీలో వచ్చింది 2002 డిసెంబర్‌లో. కారు ప్రమాదంలో వెన్నుపూస విరిగింది 2003 ఫిబ్రవరిలో. అదే ఏడాది నవంబర్‌లో సంగీత దర్శకుడు డానీ ఎల్ఫ్‌మన్‌తో పెళ్లయింది, తర్వాత ఒక బాబు పుట్టాడు. ఇవన్నీ పక్కపక్కనే జరిగాయి కాబట్టి వీడియోలవాళ్లు ఒకదానికి ఒకటి ముడిపెట్టి కథ అల్లేస్తారు. ఆవిడ మాత్రం 'ఇందుకే మానేశాను' అని ఎక్కడా ప్రకటన ఇవ్వలేదు. 2023లో విమానాశ్రయంలో ఎవరో మళ్లీ నటిస్తారా అని అడిగితే, అనుకోవడం లేదు, మామూలు మనిషిగా ఉండటం హాయిగా ఉంది అన్నట్టు జవాబిచ్చారు. నా మటుకు నాకు ఆ జవాబు సరిపోతుంది.

టీవీ సినిమాల గురించి అడిగారు చూశారూ, అది మంచి ప్రశ్న. ఆవిడ గురించి రాసేవాళ్లు టీవీని ఒక్క వాక్యంలో దాటేస్తారు. కానీ ఆవిడకి వచ్చిన పెద్ద నామినేషన్లు మూడు ఉంటే, అందులో రెండు టీవీవే. మొదటిది 'స్కాండల్' (1989)కి గోల్డెన్ గ్లోబ్ (సినిమాలకీ టీవీకీ ఇచ్చే అమెరికా అవార్డు). 1963లో బ్రిటన్ ప్రభుత్వాన్ని కుదిపేసిన ప్రొఫ్యూమో అనే మంత్రి అక్రమ సంబంధం వ్యవహారం మీద తీసిన సినిమా అది, ఆ గొడవలో పేరు వినిపించిన అమ్మాయిల్లో ఒకరైన మ్యాండీ రైస్-డేవిస్‌గా ఈవిడ చేశారు. మిగతా రెండూ టీవీ సినిమాలు.

'ఇన్ ద గ్లోమింగ్' (1997) ముందు చూడండి. హెచ్‌బీఓ అనే అమెరికా టీవీ ఛానల్ కోసం తీసింది, నిడివి గంట చిల్లరే. సూపర్‌మ్యాన్‌గా చేసిన క్రిస్టఫర్ రీవ్‌కి దర్శకుడిగా ఇదే మొదటిది. 1995లో గుర్రం మీద నుంచి పడి మెడ కింద నుంచి కదలిక పోయాక, చక్రాల కుర్చీలో కూర్చునే దీన్ని తీశారు. ఎయిడ్స్‌తో చివరి రోజులు గడపడానికి కొడుకు ఇంటికి వస్తాడు. తల్లి గ్లెన్ క్లోజ్, అక్కగా బ్రిజెట్. ఇంట్లో ప్రేమంతా తమ్ముడి వైపే పోతుంటే పైకి చెప్పుకోలేని కోపం ఉంటుంది కదా, ఆ కోపాన్ని ఎక్కడా గొంతు పెంచకుండా చూపించారు. దీనికే ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) నామినేషన్ వచ్చింది. మీ అమ్మగారితో చూడొచ్చు, కాకపోతే కళ్లనీళ్లు ఖాయం. పాపకి వద్దు.

'నో ఆర్డినరీ బేబీ' (2001)లో మనిషి క్లోనింగ్ వార్త వెంటపడే టీవీ రిపోర్టర్. క్లోనింగ్‌తో, అంటే ఒక ప్రాణికి నకలుగా, పుట్టించిన డాలీ గొర్రెపిల్ల గొడవ ఇంకా అందరి నోళ్లలో నానుతున్న రోజులవి. దీనికి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్. 'ఆఫ్టర్ ఆమీ' అనే పేరుతోనూ ఉంటుంది, రెండు పేర్లతోనూ వెతకండి.

జవాబు 2

పాప కోసం నేను చెప్తాను. 'బాల్టో' (1995) కార్టూన్ సినిమా. 1925లో అలాస్కాలోని నోమ్ ఊళ్లో డిఫ్తీరియా వచ్చినప్పుడు స్లెడ్జి కుక్కలు మంచులో మందు మోసుకొచ్చిన నిజం సంఘటన ఆధారం. జెన్నా అనే కుక్కకి గొంతు ఇచ్చింది బ్రిజెట్. తర్వాత 'స్నో క్వీన్': ఆండర్సన్ కథే, ఎల్సా వచ్చే 'ఫ్రోజెన్' కూడా దాన్నుంచి పుట్టిందే. పాపకి ముందే చెప్పండి, ఈ రాణి పాటలు పాడదు, చెడ్డది! రెండు భాగాలు, మూడు గంటలకు దగ్గరగా ఉంటుంది, రెండు రోజులు పెట్టుకోండి.

జవాబు 3

మేం అమెరికాలో సియాటిల్ పక్కనే బెల్‌వ్యూలో ఉంటాం కాబట్టి చెప్పకుండా ఉండలేను. సియాటిల్ నేపథ్యంలో ఆవిడవి రెండున్నాయి. 'సింగిల్స్' (1992) రాక్ బ్యాండ్ల కాలం నాటి సియాటిల్, అమెజాన్ పుట్టక ముందు ఊరు. మనవాళ్లు ఇన్ని వేలమంది వచ్చి పడ్డ ఊరు ఒకప్పుడు ఇలా ఉండేదా అనిపిస్తుంది. రెండోది 'లిటిల్ బుద్ధ' (1993). సియాటిల్ పిల్లాడు ఒక లామా (టిబెట్ బౌద్ధ గురువు) పునర్జన్మ కావచ్చని భిక్షువులు వస్తారు, పిల్లాడి తల్లి ఈవిడ. మధ్యలో సిద్ధార్థుడిగా కియాను రీవ్స్! నేపాల్, భూటాన్‌లలో తీసిన భాగాలు కళ్లు చెదిరేలా ఉంటాయి. బ్రిజెట్‌కి చేయడానికి పెద్దగా ఏం లేదు, అయినా అమ్మగారికి నచ్చుతుంది.

మళ్లీ అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. నికోలస్ కేజ్‌తో ఏదో లాటరీ సినిమా ఉందని మా తమ్ముడు అంటున్నాడు. అది ఫర్వాలేదా? నిజంగా జరిగిందట?

జవాబు 1

'ఇట్ కుడ్ హ్యాపెన్ టు యూ' (1994). నిక్షేపంగా చూడొచ్చు, పీజీ రేటింగే (పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చు). టిప్పు ఇవ్వడానికి చిల్లర లేని పోలీసు, లాటరీ తగిలితే సగం నీదే అని వెయిట్రెస్‌కి మాటిస్తాడు. తగులుతుంది. 1984లో న్యూయార్క్ రాష్ట్రంలోని యాంకర్స్‌లో ఒక పోలీసు డిటెక్టివ్, ఒక వెయిట్రెస్ నిజంగానే అరవై లక్షల డాలర్ల లాటరీని చెరిసగం పంచుకున్నారు. వాళ్ల మధ్య ప్రేమకథ మాత్రం లేదు, ఎవరి సంసారాలు వాళ్లవే. ఆ భాగం సినిమావాళ్ల కల్పన.

ఆర్ రేటింగ్ (పిల్లలకి తగనివి) ఉన్నవి పాప పడుకున్నాకే. 'సింగిల్ వైట్ ఫీమేల్' (1992), ఫ్రెంచ్ 'నికిటా'కి రీమేక్ అయిన 'పాయింట్ ఆఫ్ నో రిటర్న్' (1993), జెట్ లీతో పారిస్‌లో తీసిన 'కిస్ ఆఫ్ ద డ్రాగన్' (2001) అన్నీ ఆ కోవలోవే. రీమేక్ కంటే అసలు నికిటాయే మేలు, టైమ్ తక్కువుంటే రీమేక్‌ని వదిలేయండి.

ఒక్కటే చూస్తానంటే 'ఎ సింపుల్ ప్లాన్' (1998). మంచులో కూలిన విమానంలో డబ్బు సంచి దొరుకుతుంది. ముందు తిరిగిచ్చేయమన్న భార్య, డబ్బు కళ్లారా చూశాక భర్తకి ఒక్కో ఎత్తు చెప్పే తీరు భయం పుట్టిస్తుంది. కడుపుతో ఉన్న లైబ్రరీ ఉద్యోగిని ఆవిడ, గొంతు కూడా మారదు. సంగీతం ఎవరిదో టైటిల్స్‌లో చూడండి: డానీ ఎల్ఫ్‌మన్.