డబ్ల్యూఎన్‌బీఏ క్రీడాకారిణులకు ఇస్తున్నది న్యాయమైన జీతమేనా?

సుహాసిని | అక్టోబర్ 13, 2025
అమెరికా ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ఫైనల్స్ అయిపోయాయి. లాస్ వేగస్ ఏసెస్ 4-0తో ఫీనిక్స్‌ని చుట్టేసింది. ఇక అసలు పోటీ బేరం బల్ల దగ్గర. లీగ్‌తో 2020లో చేసుకున్న జీతాల ఒప్పందం నుంచి బయటికొస్తున్నామని క్రీడాకారిణుల యూనియన్ కిందటేడాది అక్టోబర్‌లోనే చెప్పింది. ఆ ఒప్పందం ఈ నెల 31తో సరి. జూలైలో ఇండియానాపొలిస్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ముందు అందరూ "మాకు బాకీ ఉన్నది ఇవ్వండి" అని రాసిన టీషర్టులు వేసుకోవడం చూసే ఉంటారు.

జీతం చిన్నదని కాదు నా గోల. ఆదాయానికీ జీతానికీ ముడే లేదు. 2020లో జట్టు సాలరీ క్యాప్, అంటే ఒక జట్టు మొత్తం జీతాలకి పెట్టగల పరిమితి, 13 లక్షల డాలర్లు. ఏటా 3 శాతం పెంచుతామని అప్పుడే రాసేసుకున్నారు. 2025కి అది 15,07,100 అయింది. గరిష్ఠ జీతం 2,15,000 నుంచి 2,49,244కి, కనిష్ఠం 57,000 నుంచి 66,079కి చేరాయి. గుణించి చూడండి, మూడూ అదే 3 శాతం. కొత్త స్టార్ కేట్లిన్ క్లార్క్ వచ్చాక హాళ్లు నిండాయి, టీవీ ముందు జనం పెరిగారు, ఆ 3 మాత్రం కదల్లేదు. మగవాళ్ల లీగ్ ఎన్‌బీఏలో రాబోయే ఆదాయం అంచనా మీద ఏటా క్యాప్ కడతారు, ఆటగాళ్లకు దాదాపు సగం వెళ్తుంది. ఇక్కడ పత్రికలు వేసిన అంచనా 9, 10 శాతం దగ్గర ఉంది.

కోర్ట్‌సైడ్ | అక్టోబర్ 13
ఎన్‌బీఏ జీతాలు వీళ్లకి ఎలా ఇస్తారండీ? వాళ్ల టీవీ హక్కులే 11 ఏళ్లకి 7,600 కోట్ల డాలర్లు.

హాఫ్‌కోర్ట్ | అక్టోబర్ 13
వాళ్ల జీతాలు ఎవరూ అడగలేదు. క్రీడాకారిణి కెల్సీ ప్లమ్ 2022లోనే తేల్చి చెప్పింది, అంత డబ్బు కాదు, వచ్చినదాంట్లో అదే శాతం అని. ప్రతి చర్చలోనూ ముందు ఇదే చెప్పుకోవాల్సి వస్తోంది.

లెడ్జర్ రఘు | అక్టోబర్ 13
సుహాసిని గారూ, ఆ 9 శాతం ఎలా వచ్చింది? లీగ్ తన ఖాతాలు బయటపెట్టదు. హారంలో ఏముంది, లీగ్ ఆఫీసుకి వచ్చే ఆదాయం ఒక్కటేనా, ఒక్కో జట్టుకి వచ్చే టికెట్లు, స్థానిక స్పాన్సర్లు కూడానా? లవంలో ఏముంది, మూల జీతమేనా, బోనస్‌లు, ఇంటి అద్దె, బీమా, ప్రసూతి సెలవు జీతం కూడానా? ఇవి తేలకుండా శాతం చెప్పడం లెక్క కాదు.

ఇంకొకటి. 2024 మేలో లీగ్ జట్ల ప్రయాణానికి చార్టర్ (ప్రత్యేకంగా అద్దెకి తీసుకునే) విమానాలు మొదలుపెట్టింది. రెండు సీజన్లకి 5 కోట్ల డాలర్లని ప్రకటించింది, అంటే ఏడాదికి రెండున్నర కోట్లు. 13 జట్ల క్యాప్‌లు కలిపితే 1 కోటి 96 లక్షలు. విమానాల ఖర్చే జీతాల్ని దాటేసింది. ఈ రెండున్నర కోట్లు క్రీడాకారిణుల కోసం పెట్టిన ఖర్చు కాదా? ఏటా సగటున కోటి డాలర్ల పైనే నష్టం వచ్చిందని 2018లో ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వర్ చెప్పాడు. నష్టంలో ఉన్న సంస్థ వచ్చిన ఆదాయంలో సగం ఇచ్చేస్తే మిగతా ఖర్చులకి డబ్బెక్కడిది?

సుహాసిని | అక్టోబర్ 14
విమానం జీతం కాదు రఘు గారూ. ఎన్‌బీఏ ఆటగాళ్ల వాటాలోంచి జట్టు ప్రయాణ ఖర్చు తియ్యరు. అది ఆట నడిపే ఖర్చు, హాలు అద్దెలాగే. పైగా 2021 సీజన్‌లో న్యూయార్క్ లిబర్టీ ఓనర్లు సొంత డబ్బుతో చార్టర్ పెడితే ఇదే లీగ్ 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఇస్తామన్న ఓనర్ని ఆపి, మూడేళ్ల తర్వాత తానే ఇచ్చి, దాన్ని జీతం ఖాతాలో రాసుకుంటే ఎలా?

లెడ్జర్ రఘు | అక్టోబర్ 14
జరిమానా సంగతి వేరు. ఒక జట్టు ఓనరు ధనవంతుడైతే మిగతా జట్లకి అన్యాయం జరగకూడదని ఆ నియమం. నా ప్రశ్నకి జవాబు రాలేదు. 9 శాతానికి హారం ఏది?

పద్మజ కె. | అక్టోబర్ 14
శాతాలు పక్కన పెట్టి ఈ క్యాప్ జట్టు లోపల ఏం చేస్తోందో చూడండి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇది హార్డ్ క్యాప్. ఎన్‌బీఏలోలాగా పన్ను కట్టి దాటే వీల్లేదు. ఇద్దరికి సూపర్‌మ్యాక్స్, అంటే పైన చెప్పిన 2,49,244 గరిష్ఠ జీతం, ఇస్తే 4,98,488 పోతుంది. మూడో స్టార్‌కి మామూలు గరిష్ఠం 2,14,466. మిగిలేది 7,94,146. దాంతో ఇంకా తొమ్మిదిమందిని నింపాలి, తలకి 88 వేలు. అందుకే చాలా జట్లు 12 మందికి బదులు 11 మందితో నెట్టుకొస్తాయి. 11 మందిలో ఇద్దరికి దెబ్బ తగిలితే మిగిలేది తొమ్మిది. ఆడగలిగేవాళ్లు పదిమంది కన్నా తగ్గితేనే లీగ్ హార్డ్‌షిప్ కాంట్రాక్టుకి, అంటే తాత్కాలికంగా ఒకర్ని తీసుకోవడానికి, ఒప్పుకుంటుంది. అలా వచ్చిన అమ్మాయి గాయపడ్డవాళ్లు కోలుకోగానే ఇంటికి.

దెబ్బ గట్టిగా తగిలేది నడిమి వరసకి. మూడేళ్లు, ఆపైన అనుభవం ఉంటే కనీస జీతం 78,831. అంతకన్నా తక్కువైతే 66,079. తేడా 12,752. పైవాళ్లకి ఇచ్చాక జట్టు చేతిలో ఐదారు వేలు కూడా ఉండవు కాబట్టి, ఆరేళ్లు ఆడిన రక్షణ ఆటగత్తెని వదిలేసి కొత్తమ్మాయిని తీసుకుంటారు. ఆట రాక కాదు ఆమె పోయేది, ఆ 12 వేల వల్ల.

హాఫ్‌కోర్ట్ | అక్టోబర్ 14
పద్మజ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క గరిష్ఠ జీతం పెంచి ఊరుకుంటే ఇది ఇంకా ముదురుతుంది. క్యాప్ పెరగాలి.

బ్యాక్‌డోర్ కట్ | అక్టోబర్ 14
2020 ఒప్పందంలో 50-50 వాటా ఉందని చదివాను. మరి అది ఏమైంది?

హాఫ్‌కోర్ట్ | అక్టోబర్ 14
ఉంది, కానీ మొత్తం ఆదాయంలో కాదు. ముందే కట్టిన లక్ష్యాన్ని దాటి వచ్చిన దాంట్లో సగం. ఆ లక్ష్యం ఏ ఏటికి ఆ ఏడు కొత్తగా మొదలవదు, ఏటేటా పోగుపడుతుంది. సంతకం పెట్టింది 2020 జనవరిలో. రెండు నెలలు తిరక్కుండా కోవిడ్. ఆ ఏడు సీజన్ మొత్తం ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో ఒకే ప్రాంగణంలో, జట్టుకి 22 మ్యాచ్‌లు, ప్రేక్షకులు లేకుండా. ఆ లోటు తర్వాతి ఏళ్ల లెక్కలోకి ఎక్కి కూర్చుంది. తర్వాత ఎంత బాగా ఆడినా, ఎంత బాగా అమ్మినా, ముందు ఆ గొయ్యి పూడాలి.

లెడ్జర్ రఘు | అక్టోబర్ 15
ఆ నిబంధన మీద యూనియన్ కూడా సంతకం పెట్టింది. కోవిడ్‌లో ఓనర్లు జీతాలు పూర్తిగానే ఇచ్చారు. 22 మ్యాచ్‌లకి పూర్తి జీతం. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

సుహాసిని | అక్టోబర్ 15
ఇచ్చారు, మంచిదే. ఇప్పుడు 2026 చూద్దాం. డిస్నీ, అమెజాన్, ఎన్‌బీసీలతో కొత్త ప్రసార ఒప్పందం 11 ఏళ్లకి 220 కోట్ల డాలర్లు, ఏటా 20 కోట్లు. ఇంతకుముందు వచ్చేది ఏటా 6 కోట్ల చుట్టుపక్కల. వచ్చే ఏడు టొరంటో, పోర్ట్‌లాండ్ కలిసి 15 జట్లు. ఒక్క ఈ టీవీ డబ్బులో సగం పంచినా జట్టుకి 66 లక్షలు, 12 మందికి సర్దితే తలకి సగటున ఐదున్నర లక్షలు. టికెట్లు, జెర్సీలు, అయాన్ చానల్ డబ్బు నేను ముట్టుకోలేదు. మీరు అడుగుతున్న హారం నాకు అక్కర్లేదు రఘు గారూ, ఈ ఒక్క ఒప్పందం చాలు.

లెడ్జర్ రఘు | అక్టోబర్ 15
హారం అక్కర్లేదా? మూడు రోజులుగా 9 శాతం మీదే వాదన నడిపి, గట్టిగా అడిగేసరికి అక్కర్లేదంటారా? ఆగస్టులో మరో చర్చలోనూ ఇంతే చేశారు. నా ప్రశ్న పక్కకి నెట్టి, నాకు ఆడవాళ్ల ఆటంటే పడదని ముద్ర వేశారు. 2003 నుంచి ఈ లీగ్ చూస్తున్నవాణ్ణి నేను.

సుహాసిని | అక్టోబర్ 15
ముద్ర నేను వెయ్యలేదు. ఎవరు జీతం అడిగినా మీరు ముందు నష్టాల చిట్టా విప్పుతారు. మగవాళ్ల జట్టు ఏడాదికి ఎంత పోగొట్టుకుంటోందని ఒక్కసారైనా అడిగారా? అక్కడ ఆ ప్రశ్నే రాదు.

కోర్ట్‌సైడ్ | అక్టోబర్ 15
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

నిర్వాహకుడు | అక్టోబర్ 15
వ్యక్తుల మీదికి వెళ్లకండి. విషయం మీద రాయండి, లేదంటే చర్చ ఆపేస్తాను.

లెడ్జర్ రఘు | అక్టోబర్ 16
సరే, నా మనసులో ఉన్నది సూటిగా చెప్తాను. హ్యూస్టన్ కామెట్స్ తొలి నాలుగు టైటిళ్లూ వరసగా గెలిచి 2008లో మూతపడింది. క్లీవ్‌లాండ్ రాకర్స్ 2003లో పోయింది. శాక్రమెంటో మోనార్క్స్ 2009లో. ఇలా మునిగిన డబ్బు ఎవరికీ తిరిగి రాలేదు. మిగిలినవాళ్లు ఇన్నేళ్లూ ఏటా చెక్కు రాస్తూ లీగ్‌ని బతికించారు. ఇప్పుడిప్పుడే డబ్బు వస్తోంది. మొదటి ముద్ద మునిగినవాళ్ల పక్కన నిలబడ్డవాళ్లకి దక్కాలని నేనంటాను. ఆ తర్వాత వాటా గురించి మాట్లాడదాం. అంతే తప్ప అమ్మాయిలకి అంత అర్హత లేదని నేను ఎన్నడూ అనలేదు.

సుహాసిని | అక్టోబర్ 16
ఇదీ అసలు తేడా. ఇది మొదటి రోజే చెప్పి ఉంటే 9 గురించి ఇంత రభస ఉండేది కాదు.

నష్టం ఓనర్లు ఒక్కరే మోశారంటారు మీరు. క్రీడాకారిణులూ మోశారంటాను నేను. ఇక్కడి జీతం చాలక సీజన్ అవగానే రష్యా, టర్కీ, చైనా వెళ్లి ఆడారు. ఏడాదంతా విశ్రాంతి లేదు. డయానా టౌరాసీ ఇక్కడ గరిష్ఠంగా తీసుకునేది లక్ష చిల్లర. 2015లో ఇక్కడ ఆడకుండా విశ్రాంతి తీసుకోమని రష్యాలోని యెకాటెరిన్‌బర్గ్ జట్టే డబ్బిచ్చింది. బ్రిట్నీ గ్రైనర్ 2022 ఫిబ్రవరిలో మాస్కో విమానాశ్రయంలో నిర్బంధంలో పడింది ఆ జట్టుకి ఆడటానికి వెళ్తూనే, బయటపడింది డిసెంబర్‌లో. ఇంత జరిగినా లీగ్ ఏం చేసింది? రెండేళ్లకి మించి అనుభవం ఉన్నవాళ్లు విదేశీ సీజన్ వల్ల ఇక్కడి శిక్షణ శిబిరానికి ఆలస్యమైతే 2023లో రోజుకి జీతంలో 1 శాతం కోత. 2024 నుంచి సీజన్ మొత్తం నిషేధం. బయటి సంపాదన తలుపు మూసేశారు, లోపలి జీతం మాత్రం అదే 3 శాతం దగ్గర ఉంచారు.

2022లో లీగ్ 16 శాతం వాటా అమ్మి ఏడున్నర కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఆ డబ్బు పెట్టినవాళ్లకి యాజమాన్యం దక్కింది. పాతికేళ్లు మోకాళ్లు పెట్టినవాళ్లకి ఏం దక్కింది?

లెడ్జర్ రఘు | అక్టోబర్ 16
తక్కువ జీతానికి పనిచెయ్యడం కష్టమే, కానీ అది పెట్టుబడి కాదు. నష్టం వచ్చిన ఏడు ఏ క్రీడాకారిణీ జేబులోంచి తీసి కట్టలేదు. యాజమాన్యం కావాలంటే ఆ బరువు కూడా నెత్తిన పెట్టుకోవాలి.

హాఫ్‌కోర్ట్ | అక్టోబర్ 16
అది కూడా జరుగుతోంది రఘు గారూ. నఫీసా కొలియర్, బ్రియానా స్టీవర్ట్ పెట్టిన అన్‌రైవల్డ్ లీగ్ ఈ జనవరిలో మయామిలో మొదలైంది. ముగ్గురు చొప్పున ఆట, సగటు జీతం 2,20,000 పైన, దాంతోపాటు ఆటగత్తెలకి కంపెనీలో వాటా. రెండు నెలల చిల్లర సీజన్‌కి ఇక్కడి సూపర్‌మ్యాక్స్ దరిదాపుల్లో సగటు జీతం. రూకీ (కొత్తగా లీగ్‌లోకి వచ్చినవాళ్ల) కాంట్రాక్టుల్లో లేనివాళ్లు దాదాపు అందరూ 2025తో ముగిసేలా సంతకాలు పెట్టుకున్నది అందుకే. ఇప్పుడు బల్ల దగ్గర వాళ్లకి బలం ఉంది.

పద్మజ కె. | అక్టోబర్ 16
ఆ రూకీలే నా భయం. క్లార్క్ నాలుగేళ్లకి 3,38,056 మీద సంతకం పెట్టింది. కొత్త ఒప్పందంలో పాత రూకీ కాంట్రాక్టుల్ని కూడా పైకి తేవాలని రాయకపోతే, లీగ్‌కి జనాన్ని తెచ్చినవాళ్లే అందరికన్నా కింద ఉంటారు.

బ్యాక్‌డోర్ కట్ | అక్టోబర్ 17
క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా జట్లు లీగ్‌లో కొత్తగా చేరడానికి తలా 25 కోట్ల డాలర్ల ఫీజు కడుతున్నాయిగా. ఆ 75 కోట్లు వాటాలోకి వస్తాయా?

లెడ్జర్ రఘు | అక్టోబర్ 17
రావు, రాకూడదు. కొత్త జట్టు వస్తే టీవీ డబ్బు ఇంకో భాగం చీలుతుంది. ఆ ఫీజు దానికి పరిహారం. ఎన్‌బీఏ కూడా పంచే ఆదాయంలో దాన్ని కలపదు.

సుహాసిని | అక్టోబర్ 17
ఎన్‌బీఏ కొలతే తీసుకుందాం, నాకు సమ్మతమే. కానీ ఆ కొలతలో సగం వాటా కూడా ఉంది. ఫీజు దగ్గర ఎన్‌బీఏ, శాతం దగ్గర వేరే లెక్క అంటే ఒప్పుకోను.

లెడ్జర్ రఘు | అక్టోబర్ 17
ఒక్కసారే సగం కుదరదు. పాతికతో మొదలుపెట్టి, టీవీ ఒప్పందం మూడేళ్లకి సమీక్షకి వచ్చినప్పుడు పెంచవచ్చు.

సుహాసిని | అక్టోబర్ 17
దేంట్లో పాతిక? వచ్చిన మొత్తంలోనా, ఖర్చులు తీశాక మిగిలినదాంట్లోనా?

లెడ్జర్ రఘు | అక్టోబర్ 18
ఖర్చులు తీశాకే. రెండు పక్షాలూ ఒప్పుకున్న ఆడిటర్ లెక్క చూడాలి.

పద్మజ కె. | అక్టోబర్ 18
అయితే విమానాలు ఆ ఖర్చుల పట్టికలో ఉంటాయా, ఉండవా అన్నది ముందే రాసుకోవాలి. ఏటా రెండున్నర కోట్లు అక్కడే పోతే, ఇటు పాతిక అని రాసినా చేతికొచ్చేది చాలా తక్కువ. ఆడిటర్ వచ్చేది ఏడాది చివర. పట్టిక మీద సంతకం ఈ నెల 31 లోపే పడాలి.