576 లైన్ల ఒగ్గు కథ వీడియో: సైజు పెంచే పని బాక్స్‌కియ్యాల్నా, టీవీకా?

హన్మకొండ నుంచి అడుగుతున్న, తెలిసినోళ్లు చెప్పండి. ఐనవోలు జాతరల తీసిన ఒగ్గు కథ పాత డీవీడీలు. 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేముల సరి లైన్లు, బేసి లైన్లు వేర్వేరుగ వస్తయి). ఆండ్రాయిడ్ బాక్స్‌ల కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ యాప్, 55 అంగుళాల 4కే టీవీ.

బాక్స్‌ను 2160పి (అంటే 4కే) 60 హెర్ట్జ్‌ల పెడితే డోలు కొట్టే చేతి చుట్టూ తెల్లని అంచు కనిపిస్తది. కెమెరా తిరిగితే బొమ్మ తడబడతది. 60ని 25 సమంగ భాగించదు కదా. 1080పి 50 హెర్ట్జ్‌ల పెడితే రెండూ పోతయి, టీవీ నిలువు, అడ్డం సరిగ్గ రెండింతలు చేసుకుంటది. కని అప్పుడు 4కే సినిమాలు గూడ 1080కే దిగుతయి.

కోడి వైట్‌లిస్ట్‌ల (కోడి ఏ మోడ్‌లకు మారొచ్చో మనం టిక్ పెట్టే జాబితా) 1080పి 50, 2160పి 24, 50, 60 టిక్ చేసిన. రిఫ్రెష్ రేట్ సర్దుబాటు 'ప్లే మొదలు, ఆపినప్పుడు' అని ఉంది. అయినా 576 ఫైలు 2160పి 50కే పోతుంది. తడబాటు తగ్గింది, అంచు పోలే. కేబుల్ 18 జీబీపీఎస్‌దే, టీవీ షార్ప్‌నెస్ సున్నా.

మెనూ రిజల్యూషన్ 1080పికి దించి, వైట్‌లిస్ట్‌ల 2160పి మోడ్‌లు ఉంచితే 4కే ఫైళ్లు 4కేలనే వస్తయా? ఆ మార్పుకు స్క్రీన్ ఎన్ని సెకన్లు నల్లబడతది?